బంతి ఎక్కడుందో అక్కడే

ఫిబ్రవరి 3

పిట్టకు, మామయ్య రాసేది.

నీ ఉత్తరం సోమవారం అందింది. మొత్తం ఏడు వాక్యాలు. మూడు హోటలు గది గురించి, రెండు వాన గురించి, ఒకటి మీ అమ్మ మోకాలి నొప్పి గురించి. గోల్ఫ్ ఆట గురించి ఒక్కటే: "బాగానే ఆడుతున్నాను." బాగానే అన్న మాట పెళ్లి చూపుల్లో పనికొస్తుంది. ఆటగాళ్లు అంకెలు చెబుతారు.

అంకెలు నేనే పేపర్లో వెతుక్కున్నాను. మా పక్కింటి లెక్కల మాస్టారు పేపరు ముందు తను చదివి, పదహారు మడతలు పెట్టి ఇస్తాడు. నీ పేరు ఎప్పుడూ ఆ మడతలోనే ఉంటుంది. ఈ ఏడాది నువ్వు ఇరవై నాలుగో స్థానంలో ఉన్నావు. వచ్చే వారం పోటీలో మొదటి రెండు రోజులూ దాటితే చాలు. రెండు రోజులయ్యాక సగం మందిని ఇంటికి పంపేస్తారు కదా, ఆ కట్ దాటితే ఏప్రిల్లో మా క్లబ్బు మైదానంలో జరిగే పెద్ద పోటీకి నీ పేరు ఖాయం.

మా క్లబ్బు అని రాశాను కానీ, అది ఎప్పుడూ మాది కాదు. నలభై రెండేళ్లు వాళ్ల గడ్డి కోశాను. నా చెవులు రెండూ ఆ గడ్డి యంత్రానికే అర్పించాను. వాళ్ల చదువుల గదిలో ఎవరూ తెరవని పుస్తకాలన్నీ నేనే చదివాను. సభ్యులు ఆ గదిలోకి నిద్రపోవడానికి వచ్చేవారు. ఇవన్నీ నీకు తెలుసు. గడ్డిలోకి నన్ను ఎందుకు తోశారో కూడా తెలుసు. అయినా మళ్లీ చెబుతాను, ఎందుకంటే నువ్వు మరిచిపోయినట్టు ఆడుతున్నావు. నాకప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. ఆటగాళ్ల కర్రల సంచి మోసేవాళ్లలో నన్ను మించిన క్యాడీ క్లబ్బులో లేడు. ఏడాది పోటీ ఫైనల్లో డాక్టరుగారి సంచి మోస్తున్నాను. ఆఖరి గుంత దగ్గర ఆయన బంతి పొద కిందికి పోయింది. నేను ముందు వెళ్లి వెతికాను. అవతల ఆడుతున్నవాడు, ఇవాళ సెక్రటరీగా వెలిగిపోతున్న ఆ మహానుభావుడు, నేను బంతిని కాలితో బయటికి నెట్టానన్నాడు. ఒక్కడే చూశాడట. డాక్టరుగారికి కప్పు పోయింది, నాకు సంచి పోయింది. అప్పుడేం చెప్పానో ఇప్పుడూ అదే చెబుతాను. బంతి ఎక్కడుందో అక్కడే ఉంది. నా కాలు ఎక్కడుందో అక్కడే ఉంది.

ఏప్రిల్లో ఆఖరిదైన పద్దెనిమిదో గుంత దగ్గర వాడు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. నువ్వు వాడి కళ్లెదురుగా ఆఖరి బంతి గుంతలో వెయ్యాలి. నాకు వేరే కోరికల్లేవు.

"పిల్లని కాస్త ఊపిరి పీల్చుకోనీ అన్నయ్యా" అంటోంది మీ అమ్మ. పెదాలు చూసి పట్టుకున్నాను. వినపడనట్టు ఊరుకున్నాను. చెవుడులో ఉన్న సుఖం అదొక్కటే.

ఎడమ మోచెయ్యి వదులుగా ఉంచు.

మామయ్య

ఫిబ్రవరి 13

మామయ్యా,

మాస్టారి మడతలోంచి నువ్వు వెతుక్కోకముందే నేనే చెప్పాలని రాస్తున్నాను. కట్ దాటలేదు. ఒక్క షాట్ తేడాతో పోయింది.

ఆఖరి గుంత దాకా సరిగ్గా కట్ గీత మీదే ఉన్నాను. అక్కడ బంతి పొడుగు గడ్డిలో పడింది. కర్ర బంతి వెనక ఆనించగానే బంతి కదిలింది. నాతో ఆడుతున్న పొడుగావిడ చూడలేదు. నేనే చెయ్యెత్తి చెప్పాను. నియమం ప్రకారం శిక్షగా నా లెక్కలో ఒక షాట్ కలిపారు. అంతే.

ఏప్రిల్ పోటీకి రాలేను. నీ కోరిక నా వల్ల తీరలేదు. నన్ను తిట్టు, కానీ అమ్మని ఏమీ అనకు.

ఇక్కడ గదిలో ఫ్యాను తిరిగితే లైటు ఆరిపోతుంది. ఏదో ఒకటే పని చేస్తుంది.

పిట్ట

ఫిబ్రవరి 20

పిట్టా,

నిన్ను తిట్టడానికి మూడు కాగితాలు రాశాను. వాటిలో మంచి వాక్యాలే పడ్డాయి. ఈలోగా మాస్టారు పేపరు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. మోకాళ్లు అరిగిన మనిషి పరుగెత్తడం నేను చూడటం ఇదే మొదటిసారి. ఆటల పేజీ అడుగున నాలుగంగుళాల వార్త. "ఎవరూ చూడని తప్పు" అని పైన పెద్ద అక్షరాలు. చెప్పకపోతే పోటీలో నిలిచే అమ్మాయి, చెప్పి ఓడిపోయింది అని రాశారు. నువ్వు అంతే అన్నావు చూడు, అదే విషయం.

ఆ మూడు కాగితాలూ చింపేశాను.

నేను ఏడవను, నీకు తెలుసు. మీ నాన్న పోయినప్పుడు కూడా ఏడవలేదు. అతనితో నాకు పడేది కాదు, అది వేరే సంగతి. ఆ వార్త చదివాక కళ్లద్దాలు తుడుచుకోవాల్సి వచ్చింది. నువ్వు గెలిస్తే నా పరువు తిరిగొస్తుందని పదిహేనేళ్లు ఎదురుచూశాను. ఓడిపోయి తెచ్చావు. గెలుపుదేముంది, గడ్డి కూడా వాన పడితే లేస్తుంది.

వెంటనే సెక్రటరీకి ఉత్తరం రాశాను, ఆరు పేజీలు. పేపరు ముక్క జతచేశాను. "అయ్యా, ఒక చెట్టు జాతి ఏదో కాయను బట్టి తెలుస్తుంది. ఎవరూ చూడకుండా బంతి కదిలితే చెప్పే పిల్ల మా ఇంట్లో పుట్టింది. అలాంటి ఇంటివాణ్ణి మీరు దొంగ అన్నారు" అని మొదలుపెట్టాను. మధ్యలో చాలా ఉంది. వాడి ఆట గురించి, వాడు కాపీ కొట్టి చదివే ఉపన్యాసాల గురించి, క్లబ్బుకి తాను దానమిచ్చానని చెప్పుకునే పుస్తకాల్లో పేజీలు కూడా విడదీయలేదన్న సంగతి గురించి. నలభై రెండేళ్ల సరుకు, ఆరు పేజీల్లో ఎంతని పడుతుంది?

నువ్వు ఇక ఏ పోటీ ఓడిపోయినా ఏమీ అనను. ఇది రాతపూర్వకంగా ఇస్తున్నాను.

నీ మామయ్య

ఫిబ్రవరి 27

మామయ్యా,

ఆ ఉత్తరం వెనక్కి తెప్పించుకోగలవా? పోస్టు చేసేశావా?

నేను చేసింది అంత గొప్ప పని కాదు. ఈ ఆటలో అందరూ చెబుతారు. దాని గురించి ఎవరికీ రాయొద్దు, ఎవరితోనూ మాట్లాడొద్దు. ఇక్కడ కూడా అందరూ వచ్చి చెయ్యి కలుపుతున్నారు. నిన్న ప్రాక్టీసు మైదానంలో ఒకాయన తన కూతుర్ని తీసుకొచ్చి నా పక్కన నిలబెట్టి ఫొటో తీశాడు. "ఈ అక్కలా ఉండాలి" అని చెప్పాడు. పాపకి ఎనిమిదేళ్లుంటాయి. ముందు పళ్లు రెండూ లేవు. తర్వాత నేను బాత్రూములోకి వెళ్లి తలుపేసుకుని అలాగే నిలబడ్డాను.

కోచ్ మాత్రం ఇంకోలా ఉన్నాడు. ఏమీ అనడం లేదు, నావైపు చూస్తున్నాడు అంతే.

పొగడకు మామయ్యా. నీకు దణ్ణం పెడతాను.

పిట్ట

మార్చి 12

పిట్టా,

పొగిడితే బాత్రూములో దాక్కునే వాళ్లని పుస్తకాల్లోనే చదివాను. మన ఇంట్లోనే ఉన్నారని ఇప్పుడు తెలిసింది. వినయం మంచిదే, మరీ ముదిరితే జబ్బు. నీ కోచ్ సంగతి నాకు తెలుసు. నీ పేరు పేపర్లో పడి తన పేరు పడలేదని ఏడుస్తున్నాడు.

ఇక అసలు సంగతి విను. కూర్చుని చదువు.

సెక్రటరీ నన్ను క్లబ్బుకి పిలిచాడు. వెనక గేటు నుంచి కాదు, ముందు గేటు నుంచి. అక్కడి కాపలావాడు నన్ను ఆపి ఎవరు కావాలని అడిగాడు. నలభై రెండేళ్లు నేను కోసిన గడ్డి పక్కన నిలబడి అడిగాడు. సరే, వాడు కొత్తవాడు. లోపల కమిటీ వాళ్లు పన్నెండు మంది. సెక్రటరీ ముసలాడైపోయాడు పిట్టా. డెబ్భై ఏడు. కర్ర ఊతంతో నడుస్తున్నాడు. అది ఆడే కర్ర కాదు. లేచి నిలబడి ఏదో మాట్లాడాడు. నాకు వినపడదని తెలుసు కాబట్టి అదే ఒక కాగితం మీద రాసి చేతికిచ్చాడు. "నలభై రెండేళ్ల కిందట నేను చూసింది తప్పు. అందరి ముందూ క్షమాపణ చెబుతున్నాను."

పన్నెండు మందీ చప్పట్లు కొట్టారు. అవి కూడా కళ్లతోనే విన్నాను.

ఇంకా ఉంది. టోర్నమెంటు ఆఫీసుకి రాసి నీ స్కోరుకార్డు నకలు తెప్పించాడు. ఆఖరి గుంత గడిలో నువ్వు ఐదు కొట్టేసి ఆరు రాయించిన చోటు, కింద నీ సంతకం. దానికి ఫ్రేము కట్టించి ముందు హాల్లో పెడుతున్నారు. ఏప్రిల్ 14న పెద్ద పోటీ మొదలయ్యే రోజు దాని మీద కప్పిన తెర నువ్వే తియ్యాలి. ఆడటానికి కాకపోయినా అతిథిగా వస్తావు. మీ అమ్మ తన కుట్టు షాపులోనే కూర్చుని నీకు బట్టలు కుడుతోంది. ఆ తెర కూడా తనే కుడుతోంది, ఆకుపచ్చ గుడ్డ.

సెక్రటరీ ఇచ్చిన కాగితాన్ని మంచి పుస్తకం చూసి అందులో పెట్టాను. రోజూ తీసి చదువుతున్నాను. నిద్ర పడుతోంది.

రైలు టిక్కెట్టు సంగతి రాయి.

మామయ్య

మార్చి 19

మామయ్యా,

ఈ ఉత్తరం నువ్వొక్కడివే ఉన్నప్పుడు చదువు.

బంతి కదల్లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నాలుగు రోజులు ఆగాను. ఆ గుంత దగ్గర నిలబడ్డప్పుడు లెక్క వేసుకున్నాను. మామూలుగా ఆడితే చాలు, కట్ దాటుతాను. చెయ్యి బాగానే ఉంది, గాలి లేదు. బంతి గడ్డిలో ఉన్నా శుభ్రంగా కనబడుతోంది. దాటుతానని తెలిసిపోయింది. దాటితే ఏప్రిల్. ఏప్రిల్ అంటే ఆ పద్దెనిమిదో గుంత, ఆ కుర్చీ, నువ్వు. అక్కడ ఓడిపోతే ఏమవుతుందో నాకు ఏడేళ్ల వయసు నుంచీ తెలుసు. గెలిస్తే ఏమవుతుందో మాత్రం నువ్వు ఎప్పుడూ చెప్పలేదు. గెలిచాక ఇంకొకటి ఉంటుందనుకున్నాను.

కర్ర ఆనించాను. చెయ్యెత్తాను. "కదిలింది" అన్నాను. పొడుగావిడ "నువ్వు ఖాయంగా చూశావా?" అని రెండుసార్లు అడిగింది. చూశానన్నాను. బంతి ఎక్కడుందో అక్కడే ఉంది మామయ్యా.

తప్పు షాట్ కొట్టి పోగొట్టుకోవచ్చు కదా అంటావేమో. అదీ అనుకున్నాను. కానీ చెత్తగా కొడితే నువ్వు తిడతావు. ఇలా అయితే ఎవరూ ఏమీ అనరు. ఆ మాట రాస్తుంటే నా చెయ్యి నాకే అసహ్యంగా ఉంది. పొగుడుతారని మాత్రం అనుకోలేదు, ఒట్టు.

నియమాల పుస్తకం మళ్లీ చదివాను. ఉన్నదానికన్నా తక్కువ రాసుకుంటే పోటీలోంచి తీసేస్తారు. ఎక్కువ రాసుకుంటే ఆ అంకె అలాగే ఉంచేస్తారు. అలా కావాలని రాసుకునే మనిషి ఉంటుందని ఎవరూ అనుకోలేదు.

ఆ తెర నా చేత తీయించకు.

పిట్ట

మార్చి 24

నీ ఉత్తరం చదివి కాల్చేశాను. అది రాలేదు, నేను చదవలేదు.

నువ్వు 14న వస్తావు. కుట్టిన బట్టలు వేసుకుంటావు. తెర తీసి, నవ్వి, దిగుతావు. ఐదు నిమిషాల పని. ఆ తర్వాత నువ్వు గోల్ఫ్ ఆడినా మానేసినా నాకు అనవసరం.

నాకు డెబ్భై ఒకటి. ఆ కాగితం చేతికొచ్చి పదిహేను రోజులైంది. నలభై రెండేళ్లకి పదిహేను రోజులు. నా నోటి దగ్గర కూడు లాక్కోకు.

మీ అమ్మకి తెలియనివ్వకు.

మామయ్య

మార్చి 30

మామయ్యా,

వస్తాను. నువ్వు రమ్మన్నావు కాబట్టి వచ్చి, తెర తీసి, నవ్వుతాను. అది పెద్ద కష్టం కాదు, నెలన్నరగా అదే పని చేస్తున్నాను.

కానీ ఒక్క మాట అడుగుతాను. ఇన్నాళ్లూ ఎప్పుడూ అడగలేదు. చిన్నప్పుడు నేను ఓడిపోయిన ప్రతిసారీ నువ్వు ఆ పొద కథ చెప్పేవాడివి. నేను ఏడుపు ఆపేసేదాన్ని. చెయ్యని తప్పు మోసిన మనిషి ముందు చిన్న ఓటమికి ఏడవడం సిగ్గనిపించేది. ఆ రోజు చెయ్యెత్తినప్పుడు కూడా నువ్వే గుర్తొచ్చావు. చెయ్యని తప్పు మోయడం గొప్పపని కదా, నేనూ ఒకటి మోస్తానేమో అనిపించింది. పిచ్చి ఆలోచనే.

నా తప్పు నువ్వు మొదట నమ్మనంటావనుకున్నాను. "నువ్వు అలాంటిదానివి కాదు" అంటావనుకున్నాను. ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. చదవగానే నమ్మేశావు. ఎలా ఉంటుందో నీకు ముందే తెలిసినట్టు.

నీ కాలు ఎక్కడుంది మామయ్యా?

పిట్ట

ఏప్రిల్ 8

పిట్టా,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నవాడి గురించి అందరూ నవ్వుతారు. నువ్వు పేరు పెట్టి అడిగేసరికి భుజాలు తడుముకునే ఓపిక కూడా లేకపోయింది. నీ ఉత్తరం చేతిలో పెట్టుకుని వంటింట్లో పీట మీద కూర్చున్నాను. పాలు పొంగిపోయాయి. పొంగే చప్పుడు నాకు ఎలాగూ వినపడదు. వాసనొచ్చినా లేవలేదు.

నెట్టాను. కుడికాలితో. జానెడు దూరం కన్నా ఎక్కువే. డాక్టరుగారికి తెలియదు. ఆయన నెట్టమనలేదు, తర్వాత అడగనూ లేదు. నా క్యాడీతనం మీద మచ్చ పడకూడదని చేశాను. నేను మోసిన సంచి ఓడిపోకూడదు, అంతే. ఇది గొప్పగా చెప్పుకోవడానికి రాయడం లేదు. ఇలాంటి వెర్రి ఎవరికి ఉంటుందో నీకే అర్థమవుతుందని రాస్తున్నాను.

మొదటి రోజు అబద్ధమని నాకు తెలుసు. పదేళ్లయ్యాక నిజమేనేమో అనిపించేది. నీకు చెప్పే నాటికి కళ్లకు కట్టినంత నిజంగా ఆ బంతి పొద కిందే కనబడేది. నేను పుస్తకాలు చదివింది జ్ఞానం కోసం అనుకున్నావా? గడ్డిలో ఒక్కణ్ణే ఉంటే ఆ కాలు గుర్తొచ్చేది. అందుకు.

నిన్న పొద్దున సెక్రటరీ ఇంటికి వెళ్లాను. వరండాలో కూర్చుని మోకాలి మీద వేడినీళ్ల సంచి పెట్టుకున్నాడు. ఎదురుగా నిలబడి చెప్పేశాను. "అయ్యా, మీరు చూసింది నిజమే. కాగితం వెనక్కి తీసుకోండి." చెవిటివాణ్ణి కదా, నా గొంతు ఎంత పెద్దదో నాకు తెలియదు. లోపల కుళాయి బాగుచేస్తున్న మనిషి పానా పట్టుకుని బయటికొచ్చాడు. కోడలు గుమ్మంలోకి వచ్చింది.

సెక్రటరీ ఏదో అన్నాడు. వినపడలేదన్నాను. మళ్లీ అన్నాడు. పెదాలు వణుకుతున్నాయి, పట్టుకోలేకపోయాను. చెవి దగ్గర పెట్టిన చెయ్యి దించలేదు. కాగితం కోసం చూశాడు, దొరకలేదు. చివరికి లేచి నిలబడి, నా చెవిలోకి అరిచాడు.

"నాకు తెలుసయ్యా. చూశాను కదా. నలభై రెండేళ్లుగా అదే అడుగుతున్నావు, పోనీలే ఇచ్చేద్దామనుకున్నాను."

అది వీధి మొత్తానికీ వినపడి ఉంటుంది. పానా మనిషి తల దించుకుని లోపలికి వెళ్లిపోయాడు. కోడలు నాకు మంచినీళ్లు తెచ్చింది. తాగాను. అంత చల్లటి నీళ్లు నేనెప్పుడూ తాగలేదు, అంత కష్టంగానూ మింగలేదు.

వాణ్ణి తిట్టడానికి నా దగ్గర బతుకంతా సరుకు ఉండేది. ఇప్పుడు ఏమీ లేదు. వాడు నాకు క్షమాపణ చెప్పలేదు పిట్టా. జాలిపడ్డాడు. ఆ పన్నెండు మందిలో ఎంతమందికి తెలుసో అడగలేదు. అడిగే మొహం లేదు.

నీ కార్డు సంగతి అతనికి చెప్పలేదు. నా కాలు గురించే చెప్పాను. నీ బంతి నీది. తెర మాత్రం మీ అమ్మ కుట్టేసింది. ఆ ఆకుపచ్చ గుడ్డ బల్ల మీద మడత పెట్టి ఉంది. ఇద్దరం దాని పక్కన కూర్చునే అన్నం తింటున్నాం. ఆమెకి నా సంగతి చెప్పాను. కంచం పక్కకి జరిపి చెయ్యి కడుక్కుంది. తర్వాత పలక మీద రాసింది, "పిల్లకి ఏడేళ్లప్పుడే చెప్పాల్సింది."

నువ్వు 14న రావొద్దు. ఆడాలనిపిస్తే ఎక్కడో ఒకచోట ఆడు. అనిపించకపోతే మానెయ్. స్కోరు ఎంతని నేను అడగను. ఈసారి రాతపూర్వకంగా ఇవ్వను. నా రాతలకి విలువ లేదని మనిద్దరికీ తెలుసు.

మోచెయ్యి ఎలా అయినా ఉంచుకో.

మామయ్య

ఏప్రిల్ 21

మామయ్యా,

బంతి కదల్లేదని 14కి ముందే క్లబ్బుకి నేనే ఉత్తరం రాశాను, నాలుగు వాక్యాలు. టోర్నమెంటు ఆఫీసుకీ అదే రాశాను. క్లబ్బు నుంచి జవాబు లేదు. ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది, విచారణకి పిలుస్తారట. ఆటలోంచి కొన్ని నెలలు తప్పిస్తారేమో. పిలిచే దాకా ఆడొచ్చన్నారు.

పొడుగావిడకి ఎదురుగా నిలబడి చెప్పాను. నా కార్డు మీద ఆమె సంతకం కూడా ఉంది కదా. బూట్ల తాళ్లు కట్టుకోవడం పూర్తిచేసి వెళ్లిపోయింది. మర్నాడు భోజనాల దగ్గర వేరే బల్ల దగ్గర కూర్చుంది. కోచ్ మాత్రం "నాకు ఆ రోజే అనుమానం" అన్నాడు. నువ్వు అతని గురించి రాసింది తప్పు.

నువ్వు నెట్టావని చదివినప్పుడు నాకు కోపం రాలేదు. వస్తుందేమోనని రెండు రోజులు చూశాను. ఇంకెప్పుడైనా వస్తే రాస్తాను.

నిన్న ఇక్కడ చిన్న పోటీలో మొదటి రోజు ఆడాను. చూడటానికి మహా అయితే ఆరుగురు వచ్చుంటారు, వాళ్లలో ఇద్దరు కుక్కని తిప్పడానికి వచ్చారు. పదకొండో గుంత దగ్గర నీళ్లలో వేశాను. పద్నాలుగు దగ్గర కూడా. ఆఖరి గుంత దగ్గర బంతి మళ్లీ పొడుగు గడ్డిలోనే పడింది. కర్ర ఆనించి చాలాసేపు చూశాను. కదల్లేదు. కొట్టాను. పక్కకి పోయింది.

నువ్వు అడగనన్నావు కాబట్టి చెబుతున్నాను. ఎనభై మూడు. ఒక్కటి కూడా ఎక్కువ రాసుకోలేదు.

పిట్ట